విత్తనమునకు చూచు చీటీ కళాశాలకు చూడవలదా?

(నర్సింగు పట్టవిద్యకు దరఖాస్తు చేయు రైతుకుటుంబములకు కొన్ని మాటలు)

సంఘపు గిడ్డంగి ముంగిట వరివిత్తనపు బస్తాలు దిగినప్పుడు మన సభ్యులు చేయు మొదటి పని యేమి? బస్తా మూతికి కుట్టిన చీటీని త్రిప్పి చూతురు. ధ్రువీకృత విత్తనమైనచో చీటీ నీలిరంగున నుండవలెను. మొలకశాతము నూటికి 80కి తగ్గరాదు. లాటు సంఖ్య, పరీక్షించిన తేదీ, గడువు తేదీ స్పష్టముగా నుండవలెను. ఇవి లేనిచో వర్తకుడెంత తియ్యగా మాటలాడినను మన రైతు ఆ బస్తాను ముట్టడు. ఈ జాగ్రత్త ఊరక వచ్చినది కాదు. నకిలీ విత్తనముచే పంట పోగొట్టుకొని, అప్పు నెత్తిన బెట్టుకొన్న పిమ్మట వచ్చినది. ఒక్క కారు పంటకై యింత విచారణ చేయు గృహస్థు, తన కుమార్తె యొక్క నాలుగేండ్ల కాలమును, తాను కూడబెట్టిన ధనమును ఒక కళాశాల చేతిలో పెట్టునప్పుడు ఏ చీటీని చూచుచున్నాడు?

నేను వ్యవసాయ ప్రదర్శకుడను. గ్రామములు తిరుగుట నా వృత్తి. ఏటేట వేసవిలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత, నారుమడుల మాట ముగిసిన వెంటనే, అరుగుల మీద నన్నడుగు ప్రశ్న యొకటి కలదు. "అమ్మాయి బైపీసీ చదివినదండీ. డాక్టరు సీటు అందలేదు. నర్సింగునకు వేయవచ్చునా?" అని. నా యభిప్రాయమును ముందుగనే చెప్పెదను. వేయవచ్చును, ఇష్టమున్న పిల్లచేత తప్పక వేయింపవలయును. కాని డాక్టరు సీటు పోయిన తరువాత ఆలోచింపదగిన పని కాదిది. మన గ్రామముల పిల్లలు నర్సింగు సీట్లను పోగొట్టుకొనుచున్నది తెలివి చాలక కాదు. అదను తప్పుటచేతను, కాగితము చాలకపోవుటచేతను, విచారింపక దళారిని నమ్ముటచేతను పోగొట్టుకొనుచున్నారు. ఈ మూడు లోపములును సహకార సంఘము తలచుకొన్నచో తొలగింపగలిగినవే. ఈ వ్యాసమున నేను చెప్పదలచినదంతయు ఇదియే.

రైతుల పత్రికలో నర్సుల ప్రసంగమేల యని కొందఱనవచ్చును. నర్సింగునకు శాస్త్రరూప మిచ్చిన ఫ్లారెన్సు నైటింగేలు (1820–1910) క్రిమియా యుద్ధకాలమున 1854లో స్కుటారి సైనికాసుపత్రికి పోయి సేవ చేసి, 1860లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రియందు నర్సుల పాఠశాలను నెలకొల్పినది. ఆమె మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను దక్షిణదేశమును పాడుచేసిన 1876–78 క్షామమును గూర్చి విచారించి, 1878లో భారతప్రజలను గూర్చి వ్యాసము ప్రకటించి, కాలువలు త్రవ్వింపుడనియు, రైతును వడ్డీవ్యాపారి బారినుండి తప్పింపుడనియు తన దేశపు పెద్దలతో వాదించినది. మన ధవళేశ్వరము ఆనకట్టను కట్టించిన సర్ ఆర్థర్ కాటను వాదమును బలపఱచినవారిలో ఆమె యొకతె. వడ్డీవ్యాపారి బాధ తొలగించుటకే గదా మన సంఘములు పుట్టినవి! కావున నర్సుకును రైతుకును చుట్టఱికము నేడు క్రొత్తగా కలుపుచున్నది కాదు.

మఱికొందఱు ఈ వృత్తిని చులకనగా చూతురు. నేను మిషను పాఠశాలలో చదివినవాడను; ఆసుపత్రి నర్సులను చిన్ననాటినుండి దగ్గఱగా చూచితిని. గుంటూరునకు 1883లో వచ్చిన డాక్టరు అన్నా కూగ్లరు 1898లో ఆసుపత్రి తెఱచునాటికి, వేలూరున ఐడా స్కడ్డరు 1909లో నర్సుల పాఠశాల పెట్టునాటికి, గౌరవకుటుంబముల స్త్రీలు ఈ పనికి వచ్చుట అరుదు. ఆ వేలూరునందే 1946లో నర్సింగు పట్టవిద్య ప్రారంభమైనది. ఢిల్లీలోను అదే యేడు ప్రారంభమైనది. నేటికి అది ఎనిమిది సెమిస్టరుల, నాలుగు సంవత్సరముల విశ్వవిద్యాలయ విద్య. శరీరశాస్త్రము, ఔషధశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము, మానసిక చికిత్స, ప్రసూతి, గ్రామారోగ్యము అన్నియు అందులో కలవు. చులకన చేయు పెద్దమనిషియే తన యింట పక్షవాతము వచ్చిననాడు ఆసుపత్రి వరండాలో "సిస్టరమ్మా" యని చేతులు జోడించును. ఆపదలో జోడించు చేతులు ఆపద లేనినాడు గౌరవమునకు ఏల రావు?

ఇందు మూడు మెట్లు కలవు. వీనిని కలగాపులగము చేయరాదు. రెండేండ్ల ఏ.ఎన్.ఎం. శిక్షణ ఒకటి, మూడేండ్ల జి.ఎన్.ఎం. డిప్లొమా ఒకటి, నాలుగేండ్ల బి.ఎస్సి. నర్సింగు పట్టము ఒకటి. మూడును గౌరవప్రదములే. కాని పై చదువునకును, బోధనకును, పెద్ద యుద్యోగములకును పట్టము త్రోవ తెఱచును. ఒక్క ఉదాహరణము: ఎయిమ్స్ సంస్థలలో నర్సింగు ఆఫీసరు ఉద్యోగమునకు పట్టము గలవారు నేరుగా పోటీ పడవచ్చును, డిప్లొమా మాత్రమే యున్నవారికి 50 పడకల ఆసుపత్రియందు రెండేండ్ల యనుభవము కూడ కావలయును. ఆ యుద్యోగపు మూలవేతనము ఏడవ వేతన సంఘపు లెక్క ప్రకారము నెలకు 44,900 రూపాయలతో మొదలగును. ఈ పోటీ పరీక్షయందు నూటికి 20 స్థానములు పురుషులకు కలవు గనుక, కుమారునకు ఈ చదువు తగదను మాటయు నిలువదు.

ఇక దరఖాస్తు సంగతి. సాధారణ యర్హత కష్టమైనది కాదు. చేరు సంవత్సరము డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండవలెను. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రములును ఇంగ్లీషును చదివి నూటికి 45 మార్కులు పొందియుండవలెను. షెడ్యూల్డు కులముల, తెగల వారికి 40 చాలును. కాని అర్హత వేఱు, సీటు వేఱు. అర్హత పొలమువంటిది, సీటు పంటవంటిది. నడుమ పోటీ పరీక్ష యున్నది.

ఆ పోటీకి ద్వారములు పెక్కులు గలవు. మన గ్రామములలో ఒక్క ద్వారమే తెలియును. మొదటిది రాష్ట్రద్వారము. తెలంగాణమున వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమువారును, ఆంధ్రప్రదేశమున విజయవాడలోని డాక్టరు ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయమువారును ప్రవేశములు జరుపుచున్నారు. ఇటీవలి సంవత్సరములలో ఈ ప్రవేశములకు పోటీ పరీక్ష ర్యాంకే ఆధారమైనది. ఇంటర్మీడియట్ మార్కులు మాత్రమే చాలునను కాలము గతించినది. ఏ పరీక్ష వ్రాయవలెనను నియమము ఏండ్లు గడచిన కొలది మారుచు వచ్చినది. కావున పొరుగింటి పిల్ల రెండేండ్ల క్రిందట చేసినట్లు చేయుదమనుకొనుట ప్రమాదము. ఆ యేటి ప్రకటనను ఆ యేడే చదువవలెను.

రెండవది ఎయిమ్స్ ద్వారము. ఢిల్లీ, భువనేశ్వరము, రాయపురము, భోపాలు, పాట్నా, జోధపురము, ఋషీకేశము మొదలగు చోట్ల నున్న ఈ సంస్థలు బాలికలకు బి.ఎస్సి. ఆనర్సు నర్సింగును నేర్పుచున్నవి. దీనికి ప్రత్యేక పరీక్ష. రెండు గంటలు, నూఱు ప్రశ్నలు, భౌతిక, రసాయన, జీవశాస్త్రములకు ముప్పదేసి, సామాన్యజ్ఞానమునకు పది. తప్పు సమాధానమునకు మార్కు కోత కలదు. ఇంటర్మీడియట్‌లో నూటికి 55 మార్కులు కావలెను. షెడ్యూల్డు కులముల, తెగల వారికి 50. రుసుము మిక్కిలి స్వల్పము. దూరమని జంకువారు భువనేశ్వరము శ్రీకాకుళమునకు ఎంత దూరమో విచారింపవలెను. ఇచ్చట నమోదు రెండు మెట్లుగా జరుగును. మొదటి మెట్టు ముగించి, పని యైపోయినదనుకొని, రెండవ మెట్టును మఱచు పిల్లలు కలరు. నాటు వేసి నీరు పెట్టని పొలమువలె ఆ దరఖాస్తు ఎండిపోవును.

మూడవది నీట్ ద్వారము. నీట్ పరీక్ష డాక్టరు చదువునకు మాత్రమే యని మనవారి నమ్మకము. పుదుచ్చేరిలోని జిప్మెర్ నర్సింగు సీట్లును, సైనిక నర్సింగు కళాశాలల సీట్లును నీట్ మార్కులను బట్టియే యిచ్చుచున్నారు. సైనిక కళాశాలలు పూనా, కలకత్తా, బొంబాయి, ఢిల్లీ, లక్నో, బెంగుళూరులందు కలవు. మొత్తము సీట్లు 220. అవివాహిత బాలికలకు ముఖ్యముగా నుద్దేశింపబడినవి. చదువును, వసతియు ప్రభుత్వమే చూచును. ముగిసిన పిమ్మట సైనిక నర్సింగు సేవలో లెఫ్టినెంటు హోదాతో పనిచేయుటకు ముందే ఒడంబడిక వ్రాయవలెను. నీట్ దరఖాస్తు గడువు సాధారణముగా మార్చి మాసములోపలనే ముగియును. అనగా ఇంటర్మీడియట్ ఫలితము చూచి ఆలోచింతమనువారికి ఈ ద్వారము అప్పటికే మూతపడియుండును.

ఒకే చెక్కలో ఒకే పైరు వేసి వానదేవుని నమ్ముకొనవలదని నేను ప్రదర్శన క్షేత్రములలో చెప్పుచుందును. దరఖాస్తునకును అదే నీతి. మూడు ద్వారములకును చదువవలసిన పాఠములు చాలవఱకు ఒక్కటే. అదనముగ కావలసినది దరఖాస్తు రుసుమును, తేదీల జ్ఞాపకమును మాత్రమే.

తరువాత కాగితముల సంగతి. రైతుకుటుంబములకు హెచ్చు నష్టము జరుగుచున్నది ఇచ్చటనే గనుక కొంచెము విస్తరించి చెప్పెదను.

నేను తిరుగు గ్రామములలో ఒకదానియందు మంచి ర్యాంకు వచ్చిన బాలిక యొకతె యుండెను. పదవతరగతి పత్రమున ఇంటిపేరు పూర్తిగా నున్నది. ఆధారునందు ఒక్క పొడి యక్షరమే యున్నది. కులపత్రమున తండ్రి పేరు వేఱొక విధముగా వ్రాసియున్నది. పరిశీలన దినమున ఈ మూడును కలియలేదు. సవరణకై తిరుగుచుండగా మొదటి విడత గడచిపోయెను. ఆమెకంటె వెనుక ర్యాంకు గలవారు ప్రభుత్వ కళాశాలలో చేరిరి. ఆమె మఱుసటి విడతలో దూరపు ప్రైవేటు కళాశాలలో చేరి, రుసుము చెల్లించుచున్నది. ఒక్క అక్షరమునకు ఆ కుటుంబము ఇచ్చిన మూల్యమది.

కావున ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరముననే పదవతరగతి పత్రమును ముందుంచుకొని, మిగిలిన పత్రములన్నియు దానితో అక్షరాక్షరము కలియునట్లు సవరింపవలయును. ఆరవ తరగతినుండి ఇంటర్మీడియట్ వఱకు చదువు పత్రములు తెచ్చుకొని యుండవలెను. స్థానికత వీనివలననే నిర్ణయమగును. కులపత్రము, ఆదాయపత్రము మీసేవలోనో, సచివాలయములోనో పరీక్షలకు ముందే వేయవలెను. వేసవిలో తహసీల్దారు కచ్చేరి యెట్లుండునో మీకు తెలియును.

కేంద్రసంస్థలకు పోవువారు మఱొక సంగతి గమనింపవలెను. రాష్ట్రపు బి.సి. పత్రము అచ్చట చాలదు. కేంద్రపు జాబితాలో తమ కులమున్నదో లేదో చూచి, కేంద్రపు నమూనాలో క్రీమీలేయరునకు చెందనివారమను పత్రము పొందవలెను. ఆ లెక్కయందు ఎనిమిది లక్షల మితిని చూచునప్పుడు వ్యవసాయపు రాబడిని, జీతపు రాబడిని కలుపరు. భూమి విస్తీర్ణమునకు వేఱు నియమము కలదు. పంట రాబడి హెచ్చుగా నున్నదని తలంచి, అడుగకయే మానుకొను రైతు తన హక్కును తానే వదలుకొనుచున్నాడు. అగ్రవర్ణములలోని బీదలకు ఇచ్చు ఇ.డబ్ల్యు.ఎస్. పత్రము సంగతి దీనికి విరుద్ధము. అందు వ్యవసాయపు రాబడియు ఎనిమిది లక్షల లెక్కలోనికి వచ్చును; పైగా కేంద్రపు నియమము ప్రకారము కుటుంబమునకు 5 ఎకరములు గాని అంతకు మించి గాని సాగుభూమి యున్నచో, ఆ భూమి వట్టి బీడైనను, పత్రము రాదు. ఈ పత్రము ఆర్థిక సంవత్సరమునకు సంబంధించినది. కాబట్టి ఏప్రిల్ 1వ తేదీ దాటిన తరువాత క్రొత్తది తీసికొనవలెను. ఏ సంస్థకొఱకు పత్రము కావలెనో తహసీల్దారు కచ్చేరిలో ముందుగనే చెప్పి, తగిన నమూనాను అడుగవలెను.

ర్యాంకు వచ్చిన పిమ్మట కళాశాలల పేర్లను వరుసగా కంప్యూటరులో ఎక్కింపవలెను. ఇచ్చట మనవారి తెలివి వికటించును. "మనకు వచ్చునది ఇదేగదా" యని రెండు మూడు పేర్లు వ్రాసి లేచిపోవుదురు. లేదా, పై కళాశాలను ముందు వ్రాసినచో క్రిందిదియు పోవునని భయపడుదురు. యంత్రము పనిచేయు విధ మిట్టిది: ర్యాంకుల వరుసలో మీ వంతు వచ్చినప్పుడు అది మీ జాబితాను పైనుండి క్రిందికి చదివి, మీ వర్గమునకు సీటు మిగిలియున్న మొదటి కళాశాలను మీకిచ్చును. పైన వ్రాసినది దొరకకున్నంత మాత్రమున క్రిందిది పోదు. కావున ఆశ కొలది కాక, అంచనా కొలది కాక, నిజమైన ఇష్టము కొలది వరుస పెట్టవలెను. చేరుటకు సిద్ధమైన పేర్లన్నియు వ్రాయవలెను. చచ్చినను చేరము అనుకొన్న కళాశాలను వ్రాయనే వ్రాయరాదు. ఈ పనిని నెట్‌సెంటరు కుఱ్ఱవానికి అప్పగించి టీ త్రాగుటకు పోవుట తగదు. పిల్ల తానే కూర్చుండి, తన రహస్యపదమును తనయొద్దనే యుంచుకొని చేయవలెను.

ఇప్పుడు దళారి మాట. ఫలితములు వచ్చిన వారమునకే ఇతడు గ్రామమున దిగును. రంగుల కాగితములు, ఎత్తైన భవనముల బొమ్మలు చూపును. పరీక్ష అక్కఱలేదనును, పొరుగు రాష్ట్రమున సీటు సిద్ధమనును, రేపటిలోగా ముప్పదివేలు కట్టనిచో సీటు పోవుననును. పొరుగు రాష్ట్రపు కళాశాలలన్నియు చెడ్డవని నేననను. బెంగుళూరునందును, మంగుళూరునందును మంచి కళాశాలలు కలవు. కాని మంచి కళాశాలకు మన గ్రామపు అరుగు మీద దళారితో పని లేదు. మంచి విత్తనము బండి మీద రాత్రివేళ రాదని మనమెఱుగుదుము గదా!

కళాశాలకు నీలిచీటీ యేది? నాలుగు ప్రశ్నలు అడుగుడు. ఒకటి: ఆ రాష్ట్రపు నర్సింగు కౌన్సిలు గుర్తింపు ఈ సంవత్సరమునకు ఉన్నదా? రెండు: ఆరోగ్య విశ్వవిద్యాలయపు అనుబంధము ఉన్నదా? ఎన్ని సీట్లకు? మూడు: భారతీయ నర్సింగు కౌన్సిలువారు ప్రకటించు పట్టికలో పేరున్నదా? ఇవి మూడును ఆ సంస్థల వెబ్‌సైటులలో చూడవచ్చును. దళారి చూపు జిరాక్సు చాలదు. నాలుగు: పిల్లలు పని నేర్చుకొను ఆసుపత్రి యేది? పట్టవిద్య నడపు సంస్థకు 100 పడకల మాతృ ఆసుపత్రి యుండవలెనని కౌన్సిలు నియమము. పడకలున్నవా, పడకల మీద రోగులున్నారా, చూచి రావలయును. రోగి లేని ఆసుపత్రిలో నర్సింగు నేర్చుట నీరు లేని మడిలో నాట్లు నేర్చుటవంటిది. గుర్తింపు లేని కళాశాలలో చదివినచో రాష్ట్ర కౌన్సిలు రిజిస్టరులో పేరెక్కదు. పేరెక్కనిచో ఆ పట్టము గోడకు తగిలించుకొనుటకే గాని కొలువునకు పనికిరాదు.

ఇది ఊహ కాదు. మధ్యప్రదేశమున మూడు వందలకు పైగా నర్సింగు కళాశాలలను సి.బి.ఐ.చేత పరీక్షింపజేయవలసినదని ఆ రాష్ట్రపు హైకోర్టు ఉత్తరువు చేసినది. సరియైన భవనము, ఆసుపత్రి, అధ్యాపకులు లేని కళాశాలలు బయటపడినవి. అంతటితో ఆగక, అనుకూలముగా నివేదిక వ్రాయుటకు లంచము తీసికొనిరను ఆరోపణపై పరీక్షింప బోయిన సి.బి.ఐ. అధికారులనే 2024 మే మాసమున బంధించిరి. ఈ నడుమ నిరపరాధులైన విద్యార్థులు మొదటి సంవత్సరపు పరీక్షకే ఏండ్ల తరబడి వేచియుండిరి. వారి తల్లిదండ్రులలో మనవంటి రైతులుండరా? కళాశాలను మూయవచ్చును, జరిమానా వేయవచ్చును. పిల్ల పోగొట్టుకొన్న ఏండ్లను ఏ కోర్టు తిరిగి ఇప్పింపగలదు?

ధనమును గూర్చి రెండు మాటలు. బోధన రుసుము ప్రభుత్వము భరించు పథకములు సాధారణముగా కన్వీనరు సీటు పొందినవారికే వర్తించును. దళారి యిప్పించు సీటు వాని పరిధిలోనికి రాదు. ఈ మాట అతడు చెప్పడు. అప్పు తప్పనిచో, వడ్డీవ్యాపారికి పట్టాపుస్తకము తాకట్టు పెట్టవలదు. బ్యాంకుల సంఘపు విద్యాఋణ పద్ధతి ప్రకారము 4 లక్షల వఱకు మన వంతు సొమ్ము పెట్టనక్కఱలేదు. 7½ లక్షల వఱకు ఆస్తి తాకట్టు లేదు. తీర్పు చదువు ముగిసిన సంవత్సరము తరువాత మొదలగును. ఒరిజినలు పత్రములు కళాశాలవారు తమయొద్ద అట్టిపెట్టుకొనరాదని యూనివర్సిటీ గ్రాంట్సు కమీషనువారు 2018లో స్పష్టముగా ప్రకటించిరి. చూపి తిరిగి తీసికొనవలెను; రసీదు లేనిదే పైకము ఇవ్వరాదు.

ఒక కఠినమైన మాటయు చెప్పవలసియున్నది. పిల్ల ఇష్టమును అడుగక, విదేశములలో జీతములు హెచ్చని విని, ఆమెను ఈ చదువునకు పంపు తండ్రులు కలరు. పెండ్లి కుదిరినదని రెండవ సంవత్సరమున మాన్పించు తండ్రులును కలరు. రెండును ఒకటే తప్పు. రాత్రి కాపలా, రక్తము, మరణము, బంధువుల కోపము అన్నియు ఈ వృత్తిలో నున్నవి. వీనిని తెలిసి ఒప్పుకొన్న పిల్లయే నిలుచును. దరఖాస్తునకు ముందు ఆమెను దగ్గఱి ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోయి, పనిచేయుచున్న నర్సుతో ఒక గంట మాటలాడనిండు. ఆమె ఔనన్నచో నాలుగేండ్లు ఆమెవి. నడుమ ముహూర్తములు పెట్టవలదు. కోతకు రాకమునుపే పైరును పశువులకు వేయు రైతు మనలో లేడు గదా!

ఇక మన సంఘము చేయవలసిన పని. 2023 ఫిబ్రవరిలో కేంద్ర సహకార మంత్రిత్వశాఖవారు చేసికొన్న ఒడంబడిక వలన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు కామన్ సర్వీసు సెంటర్లుగా పనిచేయుటకు త్రోవ యేర్పడినది. ఎఱువుల లెక్క వ్రాయు కంప్యూటరు మీదనే పిల్లల దరఖాస్తులు నింపవచ్చును. నేను మూడు పనులు సూచించుచున్నాను. మొదటిది: జనవరినుండి ఆగస్టు వఱకు వారమున కొకదినము కార్యదర్శి గాని, చదువుకొన్న సభ్యుని కుమారుడు గాని దరఖాస్తుల బల్లయొద్ద కూర్చుండవలెను, గడువు తేదీలు ఎఱువుల ధరల పలక ప్రక్కనే వ్రాయవలెను. రెండవది: కళాశాలల గుర్తింపును విచారించి చెప్పు బాధ్యతను సంఘము వహింపవలెను, దళారి గ్రామమునకు వచ్చినచో ముందుగా ఈ బల్లయొద్దకు రమ్మనవలెను. మూడవది: దరఖాస్తు రుసుము, పరీక్షకు ప్రయాణపు ఖర్చు కొఱకు సభ్యుల పిల్లలకు పంట చేతికి వచ్చువఱకు చిన్న చేబదులు నియ్యవలెను. మే, జూను మాసములలో రైతు చేతిలో రొక్కముండదని మనకు తెలియనిదా? సరిగా ఆ మాసములలోనే ఈ ఖర్చులు వచ్చును.

దీనికి పెద్ద మూలధనము అక్కఱలేదు. ఒక బల్ల, ఒక పలక, ఒకరి శ్రద్ధ చాలును. ఇట్టి ఉపకారము నర్సింగునకే గాక, వ్యవసాయ కళాశాలకు, పశువైద్యమునకు పోదలచు బాలురకును కలుగును. గ్రామమునకు ఒక్క చదువుకొన్న నర్సు వచ్చినచో లాభము ఆ యింటితో ఆగదు. పాముకాటునకు మంత్రగాని నమ్మి గడియలు పోగొట్టుకొను ఊరికి ఆమె ఒక్కతె సరియైన సమయమున సరియైన మాట చెప్పగలదు.

కావున సభ్యులారా, ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశపు చర్చనీయాంశములలో చేర్పవలసినదని అధ్యక్షులవారికి వ్రాతపూర్వకముగా తెలుపుడు. ఇంటర్మీడియట్ చదువుచున్న పిల్లలున్న సభ్యులు తమ పేర్లను ఈ మాసాంతములోగా కార్యదర్శియొద్ద నమోదు చేయింపుడు. పది పేర్లు చేరినచో తేదీల పట్టికను, పత్రముల పట్టికను సిద్ధపఱచి, ఒక ఆదివారము సంఘకార్యాలయమునకు వచ్చి పిల్లలకును తల్లిదండ్రులకును విప్పి చెప్పుటకు నేను సిద్ధముగా నున్నాను.